నలుగురు సిపాయిలు, అన్ని హంగులతో

ఆ ఉదయం సబ్బుల షావుకారు చేతిలో ఉన్నవి ఇవి: అంగడి వీధిలో ఒక దుకాణం, దాని వెనకే నాలుగు గదుల సొంత ఇల్లు, పెరట్లో గిడ్డంగి, గిడ్డంగిలో ఆరువందల నలభై పెట్టెల బట్టల సబ్బు. పెట్టె కొన్న ధర ఇరవై అయిదు రూపాయలు. ఎవరికీ బాకీ లేదు. దుకాణం ఖర్చులు పోను నెలకు తొమ్మిదివందలు మిగిలేది. అందులో అయిదువందల యాభై ఇంటికి పోయేది. ఇవి కాక ఒక భార్య, దుకాణంలో పద్దులు రాసే ఒక బావమరిది. భార్యను ఆయన మొదటి నుంచీ లాభం కిందే రాసుకున్నాడు. బావమరిదిని ఎటు రాయాలో ఎనిమిదేళ్లయినా తేలలేదు.

ఆ రోజు పని కూడా పెద్దదేం కాదు. పొద్దున్నే ఖజానాకు వెళ్లి మూడు నెలల దుకాణం పన్ను కట్టేయాలి. పది గంటలకల్లా తిరిగొచ్చి, గిడ్డంగిలో కింది వరస పెట్టెలను చెక్కల మీదికి ఎక్కించాలి. వానలు దగ్గర పడ్డాయి. సబ్బు ఎండితే తూకం తగ్గుతుంది, తడిస్తే సబ్బే తగ్గుతుంది. ఆయన వ్యాపారంలో మొదటి పాఠం అది.

ఖజానా గోడకు కొత్త ప్రకటన ఒకటి అంటించి ఉంది. దేశానికి ఇరవై వేల సైన్యం ఉంది, అది ముప్పైవేలు కావాలి. పెరిగే పదివేల మందికి దేశంలోని పదివేల దుకాణాలూ తలా ఒక సిపాయిని పోషించాలి. సిపాయికి నెలకు మూడువందలు, కాబట్టి దుకాణానికి నెలకు మూడువందలు. వచ్చే నెల నుంచి అమలు. వరసలో నిలబడ్డ వర్తకులంతా అది చదివి, నిట్టూర్చి, ముందుకు జరిగారు. షావుకారు చదివి జరగలేదు. మూడువందలు కడితే తనకు నెలకు మిగిలేది యాభై. ఒక పెద్ద వాన పడినా, ఒక మంచి ఖాతాదారు పోయినా దుకాణం మూయాల్సిందే. ఆ లెక్క ఆయన మనసులో అయిపోయిన తర్వాత, సైన్యం లెక్క మొదలుపెట్టాడు.

కిటికీ అవతల ఖజానా అధికారి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా చెక్కిన పెన్సిలు, ఎవరు ఏమడిగినా విసుక్కోకుండా నవ్వే మొహం. ఆ మూడువందల్లో ఏమేం ఉన్నాయని షావుకారు అడిగాడు.

"జీతం," అన్నాడు అధికారి. "పదివేల మంది, పదివేల దుకాణాలు. ఇంతకన్నా సులువైన లెక్క ఉంటుందా షావుకారుగారూ?"

"సులువుగానే ఉంది సార్. నా అనుమానం కూడా అక్కడే. కొన్న ధర వేరు, ఇల్లు చేరిన ధర వేరు. ఇరవై అయిదుకు కొన్న సబ్బు పెట్టె బండి కిరాయి, కూలి, తరుగు కలుపుకుని ముప్పై దగ్గర తేలుతుంది. నోరు లేని సబ్బుకే అంతయితే, తిని పడుకుని జ్వరం తెచ్చుకునే మనిషి మూడువందల్లో ఎలా తేలతాడు?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. అధికారి కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. పౌరుల ఇళ్లలో సిపాయిలకు బస ఏర్పాటు చేసే పాత చట్టం ఒకటుందనీ, అంత అనుమానం ఉంటే నలుగురిని తీసుకెళ్లి ఒక నెల సొంత ఖర్చుతో పోషించి చూడమనీ అన్నాడు. హాస్యానికే అన్నాడు. షావుకారు మాత్రం బేరం కిందే తీసుకున్నాడు. ఆయన పద్ధతిలో, నలుగురి ముందు నోటితో చెప్పిన ధర చెప్పినట్టే.

అక్కడికక్కడే ఒప్పందం రాసుకున్నారు. నెల రోజుల పాటు ఈ ఊళ్లో కొత్త పన్ను వసూలు ఆగుతుంది. నెలాఖరున వర్తకుల సభలో షావుకారు లెక్క చూపాలి. లెక్క తలకు మూడువందల లోపు తేలితే మొదటి పన్ను ఆయనే కట్టి, మిగతా వర్తకులకు తానే నచ్చజెప్పాలి. మించితే ఏం చేయాలన్న దగ్గర అధికారి కలం కాస్త తటపటాయించింది. షావుకారే ఆ వాక్యం చెప్పి రాయించాడు: "లెక్కలో తేలిన మొత్తాన్ని ఖజానా మారుమాట లేకుండా ఒప్పుకోవాలి."

తర్వాత సిపాయిలను పంపమని కోరే దరఖాస్తు నింపాడు. 'కావలసినవి' అన్న చోట 'నలుగురు సిపాయిలు' అని రాసి, అలవాటు కొద్దీ పక్కన 'అన్ని హంగులతో, ఏ లోటూ లేకుండా' అని చేర్చాడు. వెనకటికి ఒకసారి త్రాసు తెప్పిస్తే కాడ ఒక్కటే వచ్చింది. తట్టలు అడగలేదు కదా అన్నాడు అమ్మినవాడు. ఆ రోజు నుంచి ఏ సరుకు తెప్పించినా ఆ మాట రాయకుండా సంతకం పెట్టలేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య చేతిలోని పని పక్కన పెట్టి, మూడువందలు తప్పించుకోవడానికి నలుగురిని నెత్తికెత్తుకున్న తెలివికి కారణం అడిగింది. ఈ రోజు తల వంచి కట్టేస్తే రేపు ఆరువందలంటారనీ, సరుకు అసలు ఖరీదేమిటో ఎవరో ఒకరు నిలబడి అడగాలనీ ఆయన చెప్పాడు. ఆవిడ మళ్లీ పని చేతిలోకి తీసుకుంది.

"సరే, రానివ్వండి. కానీ నా వంటింటి గడప తొక్కారంటే వాళ్లు పక్క దేశం దాకా వెళ్లనక్కర్లేదు. యుద్ధం ఇక్కడే దొరుకుతుంది," అంది.

మూడో రోజు పొద్దున దుకాణం ముందు బూట్ల చప్పుడైంది. బావమరిది తలుపు తీసి చూసి, లోపలికొచ్చి, మళ్లీ వెళ్లి చూసి వచ్చాడు. "బావగారూ, నలుగురు వచ్చారు. వాళ్లతో ఇంకో అయిదుగురు కూడా వచ్చారు. ఒక కంచరగాడిద కూడా ఉంది," అన్నాడు.

వచ్చినవారికి పెద్ద హవల్దారు. మీసాలు పెద్దవి, మాట మెత్తనిది. చంకలో మైనపు గుడ్డలో చుట్టిన నిబంధనల పుస్తకం ఉంది. దరఖాస్తు కాగితం చూపించి ఆయన ఓపిగ్గా వివరించాడు. నలుగురు సిపాయిలంటే వాళ్లను నడిపించే హవల్దారు ఒకడుండాలి. బయటివాళ్లు వండినది వాళ్లు తినకూడదు గనుక వంటవాడు, వంటవాడి గుండిగలు మోయడానికి గాడిద, గాడిదను చూసుకోవడానికి ఒక మనిషి, దుస్తులు ఉతికేవాడు, ఇంతమందీ ఉన్నారని రోజూ రాయడానికి ఒక గుమాస్తా. "మామూలుగా ఇన్ని పంపరండి. మీరు హంగులన్నీ కావాలని రాశారు. చాలామందికి ఆ సంగతే తెలియదు," అన్నాడు కొంచెం గౌరవంగా.

షావుకారు గుండె ఒక్కసారి కిందికి జారి మళ్లీ పైకి వచ్చింది. జారింది ఖర్చు తలుచుకుని. పైకి వచ్చింది ఆ ఖర్చంతా లెక్కలోకి వస్తుందని తలుచుకుని. కొత్త పుస్తకం తెరిచి మొదటి పుట మీద 'సిపాయిల ఖాతా' అని రాయించాడు.

మొదట ఇల్లు పోయింది. సిపాయిలు ముందుగదిలో దిగారు. హవల్దారు సిపాయిలతో పడుకోకూడదు, ఆయనకో గది. గుమాస్తా దగ్గర కాగితాలుంటాయి, గాలికి ఎగరకుండా ఆయనకో గది. వంటవాడు, గాడిదవాడు, బట్టలవాడు నాలుగో గదిలో సర్దుకున్నారు. భార్యాభర్తలు వంటింట్లోకి చేరారు. బావమరిది దుకాణంలో బల్ల మీద పడుకున్నాడు. అద్దెకిచ్చి ఉంటే ఆ గదులకు నాలుగువందలు వచ్చేదని షావుకారు ఖాతాలో రాయించాడు. సొంత ఇంటికి అద్దె రాయడమేమిటని బావమరిది అడిగితే, మనది కదా అని ఊరికే ఇచ్చేది దానం గానీ లెక్క కాదని చెప్పాడు.

తర్వాత గాడిద వంతు. గాడిదను తడి లేని చోట కట్టాలని నిబంధన. గిడ్డంగిలో తడి లేనిది కుడివైపు ఒక్కటే, అక్కడే సబ్బుంది. హవల్దారు నేలను అరచేత్తో తడిమి చూసి, సిపాయిల చేత పెట్టెలన్నీ ఎడమవైపుకి మార్పించాడు. సాయం చేసినట్టే చేశాడు పాపం. మర్నాడు పెద్ద వాన కురిసింది. ఎడమవైపు కింది వరసలో ఇరవై నాలుగు పెట్టెలు ముద్దయిపోయి, నురగ కుడివైపుకి నడిచింది. గాడిద అందులో కాలు జారి పడింది. పశువైద్యుడు వచ్చి కట్టు కట్టి, తన ఫీజు తీసుకుని, దానికి నెల రోజుల విశ్రాంతి కావాలని రాసిచ్చాడు. అప్పటి నుంచి గుండిగలు కూలివాడు మోశాడు, గాడిద తిండి మాత్రం గాడిదే తింది.

సిపాయిలు ఊరికే కూర్చోలేదు. రోజూ రెండు పూటలా పెరట్లో కవాతు చేసేవారు. దాంతో బూట్లు అరిగాయి, నేల మీది బండలు పగిలాయి. బూట్ల ఖర్చు చూసి ఒక వారం కవాతు ఆపమని షావుకారు వేడుకుంటే హవల్దారు ఒప్పుకున్నాడు. ఆ వారంలో నలుగురికీ చొక్కాలు బిగిసిపోయి దర్జీని పిలవాల్సి వచ్చింది. నడిపిస్తే చెప్పులవాడికి, నడిపించకపోతే దర్జీకి.

అసలు దెబ్బ కాపలాతో తగిలింది. సిపాయిలున్న చోట గుమ్మానికి కాపలా ఉండాలి, కాపలాకు రోజుకో సంకేతపదం ఉండాలి, అది హాజరు పట్టీలో పేరున్నవాళ్లకే చెప్పాలి. దుకాణానికీ ఇంటికీ గుమ్మం ఒకటే. నెలకు పది పెట్టెలు కొనే బట్టలు ఉతికి చలువ చేసే దుకాణందారు వచ్చి, సంకేతం తెలియక, సబ్బు కొనడానికి ఇంత రహస్యం దేనికని గొణుక్కుంటూ పక్క వీధికి వెళ్లిపోయాడు. రోజుకు ఇరవైసార్లు లోపలికీ బయటికీ తిరిగే బావమరిది గతి ఆలోచించి, గుమాస్తా అతని పేరును 'తాత్కాలిక అనుచరుడు' అని పట్టీలో ఎక్కించాడు. దాంతో అతనికి సంకేతం, సైన్యం చొక్కా, మూడు పూటలా సైన్యం భోజనం, వారానికో సెలవు వచ్చాయి. హాజరు పిలవకముందు దుకాణం తెరవడం కుదరదని మర్నాడే చెప్పాడు. ఖాతాలో పదో నోరు చేరింది.

షావుకారు భార్యను ఆపింది మాత్రం ఒక్కసారే. కూరగాయల సంచితో బజారు నుంచి వస్తుంటే కాపలా సిపాయి అడ్డం నిలబడ్డాడు. ఆవిడ సంచి కింద పెట్టింది.

"ఏం సంకేతం బాబూ? ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటికి నేనే సంకేతం. ఇందులో అన్నం తిన్నవాళ్లంతా నా పేరు చెప్పుకునే లోపలికొచ్చారు."

గొడవ విని హవల్దారు పుస్తకంతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఆవిడను కూడా 'తాత్కాలిక అనుచరురాలు'గా రాసుకుంటే సమస్య తీరిపోతుందని సలహా ఇచ్చాడు.

"నేను ఎవరి అనుచరురాలినీ కాదు. కట్టుకున్నవాడికే కాదు, కావాలంటే ఆయన్నే అడగండి," అందావిడ.

షావుకారు లోపలి నుంచే నిజమేనని సాక్ష్యం చెప్పాడు. హవల్దారు చాలాసేపు పుటలు తిప్పాడు. సుబేదారుకు పైబడిన హోదా ఉన్నవాళ్లను సంకేతం అడగకూడదని ఒక చోట ఉంది. ఆవిడ హోదా ఏమిటో పుస్తకంలో లేదు. తేలేదాకా జాగ్రత్త కోసం పైహోదా కిందే లెక్కించమని ఆజ్ఞాపించాడు. ఆ రోజు నుంచి ఆవిడ గుమ్మం దాటినప్పుడల్లా సిపాయి మడమలు కలిపి సెల్యూట్ చేసేవాడు. మొదట రెండు రోజులు చికాకు పడింది. తర్వాత కూరగాయలు రెండు విడతలుగా తేవడం మొదలుపెట్టింది.

వీధి మాత్రం వేరే లెక్క వేసుకుంది. ఆ ఊళ్లో దుకాణం ముందు సిపాయి నిలబడ్డాడంటే ఖజానావాళ్లు జప్తు చేశారని అర్థం. సబ్బుల షావుకారు పన్ను ఎగ్గొట్టాడని మొదటి వారం అనుకున్నారు. జప్తు కాదు, నేనే తెప్పించుకున్నానని ఆయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు. తెప్పించుకోవడం ఏమిటి, ఆయనకు ప్రాణభయం ఏదో ఉండి ఉంటుందని రెండో వారం అనుకున్నారు. విసిగి 'ఈ దుకాణం జప్తు కాలేదు' అని బోర్డు పెట్టించాడు. అప్పటిదాకా ఆ ఆలోచనే రాని వీధి చివరివాళ్లు కూడా వచ్చి, బోర్డు చదివి, తలలు పంకించి వెళ్లారు. వారం తిరక్కముందే సబ్బు కర్మాగారం నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్లూ ఆయన మాట మీద నెల గడువుకు పంపిన సరుకు, ఇకపై రొక్కం చూపిస్తేనే పంపుతారట.

ఆ రోజు షావుకారు మొదటిసారి పుస్తకం మూసి ఊరికే కూర్చున్నాడు. ఖర్చు అయిదువేల వైపు పోతోంది. అమ్మకం సగానికి పడింది. దుకాణాన్ని పన్ను మింగకుండా ఆపబోతే, ఆపే ఖర్చే మింగేట్టుంది.

సరిగ్గా అలాంటి సమయం చూసుకునే ఖజానా అధికారి వచ్చాడు. పద్దెనిమిదో రోజు, సన్నటి వానలో. గొడుగు మరిచిపోయాడు. కాపలా సిపాయి సంకేతం అడిగాడు. తానెవరో అధికారి చెప్పాడు, అది ఆనాటి సంకేతం కాదు. పావుగంట సేపు చూరు కింద తడిసి, ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయాక, బజారు నుంచి వస్తున్న షావుకారు భార్య తన సెల్యూట్ తాను అందుకుని, వెనకాల ఆయన్నీ లోపలికి తీసుకొచ్చింది.

తల తుడుచుకుంటూ అధికారి మెత్తగా మాట్లాడాడు. పంతాలు వ్యాపారస్తులకు పనికిరావన్నాడు. ఈ రోజే మూడువందల కాగితం మీద సంతకం పెడితే సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చేయిస్తానన్నాడు. మిగిలిన పన్నెండు రోజుల ఖర్చు మిగులుతుందని అంకెలతో సహా చెప్పాడు. ఆ అంకెలు తప్పు కాదు. అవి సరైనవేనని షావుకారుకి కూడా తెలుసు. ఆయన అధికారి చాపిన పెన్సిలు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి భార్య వైపు చూశాడు.

"మా ఇల్లు సత్రమైంది, సబ్బు బురదైంది, తమ్ముడు సిపాయి అయ్యాడు," అందావిడ. "ఇంత పోయాక ఇప్పుడు భయమేమిటి? నెల నిండకుండా ఒక్కడు కదలడానికి వీల్లేదు. గాడిదతో సహా."

షావుకారు పెన్సిలు తీసుకుని చెవి వెనక పెట్టుకున్నాడు. సంతకానికి కాదు, లెక్కకు కావాలన్నాడు. అధికారి మళ్లీ వానలోకి వెళ్లాడు. వెళ్లేటప్పుడు సంకేతం అడగరు.

నెలాఖరున వర్తకుల సభ జరిగింది. హాల్లో నూట ఇరవై మంది వర్తకులు, వేదిక మీద ఖజానా అధికారి, ఒక పక్క సాక్షిగా హవల్దారు, వెనక వరసలో షావుకారు భార్య. బావమరిది సైన్యం చొక్కాతోనే లేచి ఖాతా చదివాడు. నలుగురి జీతం పన్నెండువందలు. వాళ్ల వెంట వచ్చిన అయిదుగురి జీతం పద్నాలుగువందల యాభై. భోజనాలు పదకొండువందలు. గాడిద మేత, వైద్యం, దానికి బదులు పెట్టిన కూలివాడు కలిపి రెండువందల అరవై. బూట్లు, చొక్కాలు నాలుగువందల ఇరవై. బట్టలు ఉతకడానికి వాడిన సబ్బు తొంభై. గదుల అద్దె నాలుగువందలు. ముద్దయిన సబ్బు ఆరువందలు. బండలు, కాగితాలు, సిరా రెండువందల ఎనభై. మొత్తం అయిదువేల ఎనిమిదివందలు. తలకు పద్నాలుగువందల యాభై. పోయిన అమ్మకాలు ఇందులో చేర్చలేదనీ, అవి తన సొంత ఏడుపనీ షావుకారు జోడించాడు.

"ఇంకో మాట సార్," అన్నాడు. "నలుగురికి ఖర్చు పెట్టాను గానీ నలుగురూ ఒకేసారి నిలబడగా ఏనాడూ చూడలేదు. ఒకడు కాపలాలో ఉంటే ఒకడు నిద్రలో ఉంటాడు, ఒకడు సెలవులో ఉంటాడు, ఒకడికి కడుపునొప్పి. తప్పు వాళ్లది కాదు, మనుషులన్నాక అంతే. కానీ మూడువందలని గోడకు అంటించినప్పుడు ఈ సంగతి కూడా అంటించాలి కదా."

హాలంతా చప్పట్లు కొట్టింది. అధికారి పుస్తకం తెప్పించుకుని ప్రతి పుటా చూశాడు, కూడికలు మళ్లీ వేశాడు, ఒక చోట గాడిద లాడం రసీదు అడిగి చూశాడు. తర్వాత లేచి నిలబడి ఆ నున్నటి నవ్వే నవ్వాడు.

"షావుకారుగారి లెక్కలో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. మా అంచనాయే తప్పు. ఒప్పందం ప్రకారం లెక్కలో తేలిన మొత్తాన్ని ఖజానా మారుమాట లేకుండా ఒప్పుకుంటోంది. కాబట్టి వచ్చే నెల నుంచి దుకాణానికి పద్నాలుగువందల యాభై."

చప్పట్లు ఆగిపోయాయి. నూట పంతొమ్మిది తలలు ఒక్కసారి షావుకారు వైపు తిరిగాయి. ముందు వరసలోని ధాన్యం వర్తకుడు, "మూడువందలతో పోయేదానికి పిలిచి మరీ ధర పెంచావు కదయ్యా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు, నీరసంగా అన్నాడు. ఖరీదు ఎక్కువని తెలిస్తే కొనేవాడు వెనక్కి తగ్గుతాడన్నది ముప్పై ఏళ్ల వ్యాపారంలో షావుకారు నమ్మిన సూత్రం. కొనేవాడి చేతిలో ఉన్నది పక్కవాడి డబ్బయితే ఆ సూత్రం పనిచేయదని ఆయనకు అప్పుడు తెలిసింది.

వెనక వరసలోంచి భార్య లేచి వచ్చింది. సంచిలోంచి దుకాణం తాళంచెవులు తీసి ఆయన చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది. షావుకారు వాటిని ఒకసారి చూసుకుని, వేదిక దగ్గరికి నడిచి, అధికారి ముందు బల్ల మీద పెట్టాడు.

"పద్నాలుగువందల యాభై కట్టే దుకాణం నా దగ్గర లేదు సార్. తొమ్మిదివందలు మిగిలే దుకాణం ఒకటుంది. అదే ఇది. తీసుకోండి."

"బెదిరిస్తున్నారా?"

"లేదు సార్, అప్పగిస్తున్నాను. రసీదు ఇప్పించండి."

అధికారి పర్వాలేదన్నట్టు రసీదు పుస్తకం అందుకోబోయాడు. అప్పుడు పక్క నుంచి హవల్దారు లేచి, మైనపు గుడ్డ విప్పుతూ గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఎవరి మీదా పక్షపాతం లేదు. నిబంధన దాటిపోతుంటే కూర్చోలేని మనిషి, అంతే.

"అయ్యా, రసీదు రాసేముందు ఒకటుందండి. ఖజానా స్వాధీనంలోకి వచ్చిన ప్రతి దుకాణానికీ సీలు వేయాలి. సీలు వేసిన ప్రతి దుకాణానికీ రాత్రింబవళ్లు కాపలా పెట్టాలి. కాపలా అంటే నలుగురండి."

"ఒక్క దుకాణానికి నలుగురా?"

"నలుగురేనండి. సీలున్న చోటికి హంగులన్నీ తప్పనిసరి. అడగక్కర్లేదు కూడా."

ఈ మాట ముందుగా అర్థమైంది ధాన్యం వర్తకుడికి. ఆయన నీరసం ఎటు పోయిందో, గబగబా లేచొచ్చి తన తాళంచెవులు షావుకారు తాళంచెవుల పక్కన పెట్టి రసీదు అడిగాడు. తర్వాత పాత్రల వర్తకుడు వచ్చాడు. తర్వాత మేకుల వర్తకుడు. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. బల్ల మీద తాళంచెవుల గుట్ట లేచింది. జేబులో తాళం లేనివాళ్లు ఇంటికి పరిగెత్తారు. దేశంలో మిగతా ఊళ్ల వర్తకులకు కూడా తాళాలున్నాయని ఎవరో గుర్తుచేశారు.

అధికారి ప్రకటన కాగితం వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టాడు. ఈ ఒక్క ఊరికే నాలుగువందల ఎనభై మంది సిపాయిలు కావాలి. దేశమంతా ఇదే పని చేస్తే పదివేల దుకాణాలకు నలభైవేల మంది. ఉన్నవాళ్లు ఇరవైవేలు. పెంచిన తర్వాత కూడా ముప్పైవేలు. ఇంకా పదివేలు తక్కువ. ఆ నలభైవేల మందికీ తలకు పద్నాలుగువందల యాభై ఎవరు కట్టాలో చూస్తే, కట్టాల్సిన దుకాణాలన్నీ సీలు కింద ఉన్నాయి. ఆయన మూడుసార్లు కూడాడు. మూడుసార్లూ అదే వచ్చింది. షావుకారు ఖాతాలో తలకయ్యే ఖర్చు ఏమైనా తగ్గించి చూద్దామంటే, అది మారుమాట లేకుండా ఒప్పుకున్నానని అప్పుడే నూట ఇరవై మంది ముందు అని ఉన్నాడు.

చీకటి పడకముందే నిర్ణయం వచ్చింది. సైన్యం పెంపు 'తదుపరి పరిశీలన దాకా' ఆగింది, దానితో పాటు దుకాణాల మీద కొత్త పన్నూ ఆగింది. ఎవరి తాళంచెవులు వాళ్లు ఏరుకున్నారు. మర్నాడు హవల్దారు మనుషులను వరసలో నిలబెట్టి, గాడిదను నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లేముందు షావుకారు భార్యకు సెల్యూట్ చేసి, హోదా సంగతి ఇంకా తేలలేదని చెప్పాడు. ముప్పైవేలకు పెరగాల్సిన సైన్యం మాత్రం ఆ ఏడాది మొత్తం మీద ఒక్క మనిషి మేరకే పెరిగింది. బావమరిది పేరు హాజరు పట్టీలోంచి కొట్టేయడానికి కావలసిన కాగితం ఎవరి దగ్గరా లేదు.

ఆ వారం వర్తకులు గుంపుగా దుకాణానికొచ్చి, సబ్బుల షావుకారు ఊరి పరువు నిలబెట్టాడని పొగిడారు. ఆయన వాళ్లను కూర్చోబెట్టి పుస్తకం తెరిచాడు. ఖర్చు అయిదువేల ఎనిమిదివందలు. తప్పించుకున్నది నెలకు మూడువందలు. ఈ గెలుపు లాభంలో పడటానికి పంతొమ్మిది నెలల పది రోజులు పడుతుందనీ, ఈలోగా అందే అభినందనలన్నీ బయానా కింద జమ చేసుకుంటాననీ చెప్పాడు.